దాహం చెప్పని గుర్రం

చెమటతో పాటు ఉప్పు పోతే గుర్రానికి దాహం తెలియదు. తెలియని ఆ దాహమే దాని ప్రాణం తీస్తుంది. పెళ్లి ఊరేగింపులో నడిచే గుర్రం నుంచి, పాముకాటు మందుకు రక్తమిచ్చే గుర్రం దాకా అన్నిటి ఆయుష్షూ నీళ్ల తొట్టి దగ్గరే ఉంది.

మే నెల మిట్టమధ్యాహ్నం. జలంత్రకోట కూడలి దగ్గర జాతీయ రహదారి పక్కన చెట్టు నీడలోకి సగం వరకే వచ్చి ఆగింది ఓ చిన్న లారీ. వెనక రెండు తెల్ల గుర్రాలు. బరంపురం వైపు నుంచి వస్తున్నాయి. రాత్రికి టెక్కలిలో పెళ్లి ఊరేగింపు. మెడల్లో పూసల దండలు అప్పుడే వేసేశారు. పెద్ద గుర్రం తొడల మధ్య, పట్టీ ఒరుసుకున్న చోట తెల్లని నురగ కట్టి, ఆరి, ఉప్పు చారలుగా తేలింది. ముక్కుపుటాలు ఆగకుండా ఎగిసిపడుతున్నాయి. గుర్రాల వెంట వచ్చిన ముసలాయన పక్క హోటల్లో బతిమాలి బకెట్టు నీళ్లు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టాడు. గుర్రం వాసన చూసింది. పెదవి తడుపుకుంది. తల తిప్పేసుకుంది.

"సూసినారా బాబూ, మూతికాడ ఎట్టినా ముట్టట్నేదు. దాహం నేదనుకుంతన్నాను" అన్నాడాయన, బకెట్టు కింద పెడుతూ.

హోటలాయన గల్లాపెట్టె దగ్గర నుంచే అందుకున్నాడు. "నీల్లు మారితే అవి తాగవు మావా. మా ఊరి నీల్లు మేవే తాగట్నేదు. డబ్బా కొనుక్కుంతన్నాం."

హోటలాయన అన్నది నిజం. ఊరు మారి, నీళ్ల రుచి మారితే గుర్రం మొహం చాటేస్తుంది. ముసలాయన అనుకున్నది మాత్రం గుర్రం ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. ఒళ్లంతా చెమటతో తడిసి ఆరిన గుర్రం నీళ్లు ముట్టకపోతే దానికి దాహం లేదని కాదు. దాహం వేయాల్సిన ఏర్పాటే దాని ఒంట్లో పనిచేయడం మానేసిందని.

ఏటా వేసవిలో వడగాడ్పుల వార్తలు వస్తాయి. మనుషులెందరు పోయారు, కోళ్లెన్ని పోయాయి, గొర్రెలెన్ని పోయాయి అని లెక్కలు వస్తాయి. గుర్రం ఊసు రాదు. మన ఊళ్లల్లో గుర్రం ఎక్కడుంది అనిపిస్తుంది కాబట్టి. కానీ ఉంది. మన కంటి ముందూ ఉంది, కంటికి కనిపించని చోటా ఉంది.

తగ్గిపోతున్న జాతి

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలు. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. జట్కా పోయింది, ఆటో వచ్చింది. మిగిలిన గుర్రాలు మిగిలిన పనుల్లోకి చేరాయి. హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో పందేలకు పరిగెత్తేవి కొన్ని. విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో తిరిగేవి కొన్ని. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు లేని గూడేలకు బియ్యం, ఉప్పు, పసుపు మోసేవి కొన్ని. పలాస, టెక్కలి, సోంపేట లాంటి ఊళ్లలో పెళ్లిళ్ల కాలంలో రథానికి కట్టేవి, వరుణ్ని మోసేవి ఇంకొన్ని.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా తీరం. అక్కడ చేపలు పట్టే కైవర్తులు చైత్రమాసంలో బాసేలీ అమ్మవారి పేరిట వెదురుతో, గుడ్డతో గుర్రాన్ని కట్టి, నడుముకు తగిలించుకుని ఆడతారు. చైతీ ఘోడా నాట్యం అంటారు దాన్ని. చేపల వేటే బతుకైనవాళ్లు గుర్రాన్ని అమ్మవారి రూపంగా కొలవడం ఈ తీరంలో చూస్తాం.

అసలు మన తేమగాలి గుర్రానికి మొదటి నుంచీ పడదు. కాకతీయుల కాలంలో సముద్రం దాటి వచ్చే సరుకుల్లో గుర్రాలు ముఖ్యమైనవి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ తర్వాత రుద్రమదేవి ఏలుబడిని గురించి రాసిన మార్కోపోలో, దక్షిణాన తమిళ తీరపు రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగలవని రాశాడు. వాటిని ఎలా చూసుకోవాలో తెలియకే చచ్చిపోతున్నాయని ఆయన అభిప్రాయం. తర్వాత ఇంగ్లండు నుంచి తెచ్చిన పందెపు గుర్రాలు, సైన్యపు గుర్రాలు కూడా మన తీరాల్లో వింత జబ్బు పడ్డాయి. చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు కాలిపోయి, కుక్కలా రొప్పేవి. వేడి, తేమ రెండూ కలిసిన చోట చెమట గ్రంథులు అలిసిపోయి ఊరుకోవడమే దీనికి మూలం. పలాస, సోంపేట చుట్టూ ఉన్న ఉద్దానం లాంటి, గాలిలో ఉప్పూ తడీ నిండిన తీరాల్లో గుర్రాన్ని పెంచేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన జబ్బు ఇది. ఎండలో తిరిగినా గుర్రం ఒళ్లు పొడిగా ఉంటే సంతోషించకూడదు, భయపడాలి.

నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది

మనిషికి చెమట పడితే నీళ్లు ఎక్కువ పోతాయి, ఉప్పు తక్కువ పోతుంది. దాంతో రక్తం చిక్కబడి ఉప్పదనం పెరుగుతుంది. మెదడు అది పసిగట్టి దాహం పుట్టిస్తుంది. గుర్రం చెమట అలాంటిది కాదు. ఒక్క లీటరు చెమటలో దాదాపు 10 గ్రాముల లవణాలు వెళ్లిపోతాయి. సోడియం, క్లోరైడు, పొటాషియం, కొద్దిగా కాల్షియం. గుర్రం రక్తంలో ఎంత ఉప్పదనం ఉంటుందో చెమటలోనూ కాస్త అటూ ఇటూగా అంతే. పులుసులో నీళ్లూ ఉప్పూ ఒకే పాళ్లలో తీసేస్తే గిన్నె సగానికి పడిపోతుంది గానీ రుచి మారదు. గుర్రం రక్తం సంగతీ అంతే. పరిమాణం పడిపోతుంది, ఉప్పదనం మారదు. మెదడుకు కబురు అందదు. నలభై లీటర్ల లోటుతో నిలబడిన గుర్రం బకెట్టు ముందు తల తిప్పుకునేది అందుకే.

పోయేది కొంచెమా అంటే కాదు. ఎండలో గట్టిగా శ్రమించే పెద్ద గుర్రం గంటకు 10 లీటర్లకు పైగా చెమట కారుస్తుంది. దాని చెమటలో లాథెరిన్ అనే ప్రోటీను ఉంటుంది. దట్టమైన బొచ్చు మీద చెమట చుక్కలు కట్టి జారిపోకుండా వెంట్రుకల కొసల దాకా పాకి త్వరగా ఆరేలా చేసేది అదే. ఒరిపిడి తగిలిన చోట అదే నురగ అవుతుంది. ఊరేగింపు గుర్రం తొడల మధ్య తెల్లగా కనిపించేది మురికి కాదు, సబ్బు కాదు. దాని ఒంట్లోంచి వెళ్లిపోయిన ఉప్పు.

కాబట్టి చెమట పట్టిన గుర్రానికి ఉత్త నీళ్లు పెట్టి ఊరుకుంటే చాలదు. పోయిన ఉప్పు తిరిగి రాకుండా నీళ్లు మాత్రమే పోస్తే, రక్తం పలచనై ఉన్న కాస్త దాహం కూడా చచ్చిపోతుంది. తాగిన నీళ్లు మూత్రంగా వెళ్లిపోతాయి. పరుగు నుంచి వచ్చిన గుర్రానికి మొదట లీటరుకు 9 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు ఇచ్చి, తర్వాత మంచినీళ్లు పెడితే అది తనంతట తాను ఎక్కువ తాగుతుందని పరిశోధనల్లో తేలింది. పది లీటర్ల బకెట్టుకు 90 గ్రాములు. వంటింటి ఉప్పే. పక్కనే ఉప్పు కలపని నీళ్ల బకెట్టు ఎప్పుడూ ఉండాలి. ఉప్పునీళ్లు తప్ప వేరే దిక్కు లేకుండా చేయకూడదు. ఇష్టం లేని గుర్రం నోట్లో సీసా పెట్టి బలవంతంగా పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే అది కొత్త ముప్పు.

> రోజుకు ఎన్ని నీళ్లు?
>
> చల్లని వేళల్లో, పని లేకుండా ఉన్న గుర్రానికి ప్రతి 100 కిలోల బరువుకు రోజుకు సుమారు 5 లీటర్లు కావాలి. 400 కిలోల గుర్రానికి 20 లీటర్లు. కొండల్లో బరువులు మోసే 200 కిలోల పొట్టి గుర్రానికి 10 లీటర్లు. ఇది బతకడానికి చాలే లెక్క.
>
> ఎండలో పనిచేస్తే ఇది రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది. పాలిచ్చే ఆడ గుర్రానికి మామూలు కంటే సగం ఎక్కువైనా కావాలి.
>
> పచ్చగడ్డిలో మూడు వంతులకు పైగా నీరే కాబట్టి పచ్చిక మేసే గుర్రం తక్కువ తాగుతుంది. ఎండుగడ్డి మీద బతికే గుర్రం ఆ లోటంతా తొట్టిలోంచి తీర్చుకోవాలి. పూటకోసారి నీళ్లు చూపించడం కాదు, రోజంతా ముందు నీళ్లు ఉండాలి. తొట్టిలో పాచి, ఎలుక, రాలిన ఆకు కుళ్లు ఉంటే ముట్టదు.

వేడి గుర్రానికి నీళ్లు పెట్టొద్దన్న మాట

చెమటలు కక్కుతూ వచ్చిన గుర్రానికి వెంటనే నీళ్లు పెడితే కడుపునొప్పి వస్తుందని, చన్నీళ్లు ఒంటి మీద పోస్తే నరాలు పట్టేస్తాయని గుర్రాలవాళ్లలో తరాలుగా ఒక నమ్మకం ఉంది. మన దగ్గరే కాదు, గుర్రం ఉన్న ప్రతి దేశంలోనూ ఉంది. చాలా గుర్రాల ప్రాణాల మీదికి తెచ్చింది కూడా ఆ నమ్మకమే.

దాన్ని పటాపంచలు చేసింది ఒలింపిక్సే. 1992లో బార్సిలోనాలో మూడురోజుల ఈవెంటింగ్ పోటీల్లో దూర పరుగు రోజున వేడికి గుర్రాలు తూలిపోయాయి. తర్వాతి ఒలింపిక్స్ 1996లో అట్లాంటాలో. అక్కడ వేడికి తేమ కూడా తోడు, అచ్చం మన తీరంలాగే. గుర్రాలు చచ్చిపోతాయని గోల లేచింది. అప్పుడు శాస్త్రవేత్తలు గుర్రాలను వేడి గదుల్లో నడిపించి, పరిగెత్తించి, కొలిచి చూశారు. తేలింది ఏమిటంటే, ఐసు కలిపిన నీళ్లు ఒంటినిండా గుమ్మరించినా గుర్రానికి ఏమీ కాదు. పైగా ఒంటి వేడి నిమిషాల్లో దిగుతుంది. పోటీల మధ్య నీళ్లు తాగించినా హాని లేదు. అట్లాంటాలో పరుగు దూరం తగ్గించారు, మధ్యలో అదనంగా విశ్రాంతి ఇచ్చారు, నీటి తుంపర చల్లే పెద్ద ఫ్యాన్లు పెట్టారు. గుర్రాలు క్షేమంగా ఇంటికి చేరాయి.

తేమ ఎక్కువున్న చోట చెమట ఆరదు. ఆరని చెమట చల్లబరచదు. అందుకే ఉక్కపోసే రోజున నీళ్లు పోసి, గాలి తగిలేలా నిలబెట్టడమే మందు. తడిగుడ్డ కప్పి వదిలేయకూడదు. అది వేడిని లోపలే బంధిస్తుంది. తాగించేటప్పుడు మాత్రం ఒక్కసారిగా కాకుండా నాలుగైదు లీటర్ల చొప్పున, కొద్ది నిమిషాలు ఆగుతూ ఇస్తే మేలు.

వాంతి చేసుకోలేని జీవి

గుర్రం వాంతి చేసుకోలేదు. గొంతు నుంచి కడుపులోకి దారి ఉంది గానీ తిరుగు దారి లేదు. కడుపు ముఖద్వారంలోని కండరం అంత బలంగా బిగుసుకుని ఉంటుంది. లోపల ఏది ఇరుక్కున్నా అది ముందుకే కదలాలి. కదలాలంటే నీళ్లుండాలి.

ఆవులా గుర్రం నెమరు వేయదు. తిన్న పీచుపదార్థమంతా దాని పెద్దపేగులోనే పులిసి జీర్ణమవుతుంది. పెద్ద గుర్రానికి ఆ పేగుల్లో వంద లీటర్ల దాకా పడుతుంది. దాని ఒంటికి ఆపద్ధర్మపు చెరువు అదే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ముందుగా అక్కడి నుంచే తోడుకుంటుంది. అలా తోడేకొద్దీ లోపలి మేత ఎండి, గట్టిపడి, పెద్దపేగు సన్నబడి మలుపు తిరిగే చోట అడ్డంగా ఇరుక్కుంటుంది. అప్పుడు మొదలవుతుంది శూల. గుర్రం కాలితో నేల తవ్వుతుంది. మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూస్తుంది. పై పెదవి ముడుస్తుంది. పడుకుంటుంది, లేస్తుంది, దొర్లుతుంది. పేడ ఆగిపోతుంది, లేదా చిన్న చిన్న గట్టి ఉండలుగా పడుతుంది.

మన ప్రాంతంలో గడ్డి అంటే వరిగడ్డే. గుర్రానికి అది మంచి మేత కాదు. పీచు ఎక్కువ, పస తక్కువ. గతిలేక అదే వేసినా నీళ్లు దండిగా పెట్టకపోతే శూలను చేతులారా తెచ్చుకున్నట్టే. గుర్రాలను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది 'నిన్నటిదాకా బాగానే ఉంది' అంటారు. బాగా ఉన్నట్టు కనబడిన ఆ రెండు మూడు రోజులే అది నీళ్లు తగ్గించిన రోజులు. ఎన్ని బకెట్లు తాగిందో ఎవరూ లెక్క చూసి ఉండరు.

సెలైన్ సీసాల లెక్క

ఇక వైద్యం సంగతి. మన ఊళ్లల్లో మనిషికైనా పశువుకైనా నీరసం వస్తే 'ఒక గ్లూకోజు ఎక్కించండి' అంటాం. గుర్రం దగ్గర ఆ మాట రెండు విధాల తప్పు. దానికి కావాల్సింది చక్కెర నీళ్లు కాదు, లవణాల నీళ్లు. ఒక్క సీసా దానికి పంటి కిందకు రాదు.

లెక్క చూడండి. 400 కిలోల గుర్రం తన బరువులో 8 శాతం మేర నీరు పోగొట్టుకుందనుకుందాం. అంటే మధ్యస్థపు లోటు. 400లో 8 శాతం 32. అంటే 32 లీటర్లు పోయాయి. దాని రోజువారీ అవసరం ఇంకో 20 లీటర్లు. వైద్యం సాగుతుండగా విరేచనాలో చెమటో ఉంటే అది అదనం. ఒక్క రోజులో 50 లీటర్లకు పైగా లోపలికి వెళ్లాలి. మందుల షాపులో దొరికే అర లీటరు సీసాలైతే వందకు పైగా. ఏ పల్లెలో, ఏ రాత్రివేళ వంద సెలైన్ సీసాలు దొరుకుతాయి? దొరికినా మనిషికి వాడే సన్న సూదితో, సన్న గొట్టంతో ఎక్కిస్తుంటే తెల్లారిపోతుంది. గుర్రాల వైద్యులు మెడ పక్కన బొటనవేలంత లావున ఉబికే నరంలోకి లావు గొట్టం దించుతారు. సీసాలను దూలానికో చెట్టు కొమ్మకో వీలైనంత ఎత్తున వేలాడదీస్తారు. లీటర్ల కొద్దీ పట్టే పెద్ద సంచులు వాడతారు. ఎక్కువగా వాడేది రింగర్ లాక్టేట్. గుర్రం షాక్‌లోకి వెళ్లి, కాళ్లూ చెవులూ చల్లబడితే, ఎక్కువ ఉప్పున్న 7.2 శాతం సెలైన్‌ను కిలోకు 4 మిల్లీలీటర్ల చొప్పున ముందు ఎక్కిస్తారు. అది ఒంట్లో ఇతర చోట్ల ఉన్న నీటిని రక్తంలోకి లాగి కొద్దిసేపు ప్రాణం నిలబెడుతుంది. అది అప్పు తెచ్చిన నీరు. వెంటనే మామూలు సెలైన్‌తో తీర్చకపోతే గుర్రం మరింత కుంగిపోతుంది.

అయితే అన్నిటికీ నరమే దిక్కు కాదు. పేగులు కదులుతున్న గుర్రానికి ముక్కు గుండా కడుపులోకి గొట్టం దించి, లవణాలు కలిపిన గోరువెచ్చని నీళ్లు ఆరేడు లీటర్ల చొప్పున గంట, అరగంటకోసారి పోయడం ఎంతో చవక. మేత ఎండి ఇరుక్కున్న శూలకు ఇది చాలాసార్లు నరంలోకి ఎక్కించేదానికి ఏమాత్రం తీసిపోదు. పల్లెటూరి పశువైద్యుడికి అందుబాటులో ఉన్న అసలైన ఆయుధం ఇదే అని నా గట్టి నమ్మకం. కావాల్సింది గొట్టం, గరాటు, బకెట్టు, ఉప్పు, అనుభవమున్న చెయ్యి. గొట్టం పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళితే గుర్రం దక్కదు కాబట్టి ఇది డాక్టరు చేయాల్సిన పనే. పోసే ముందు కడుపు నిండి లేదని కూడా ఆయన చూసుకుంటారు. వాంతి చేసుకోలేని జీవి కడుపు పగలడం కూడా ఉంది మరి.

నరంలోకి ఉప్పునీరు ఎక్కించడం అనే ఈ విద్య 1832లో కలరా రోగుల పక్కన పుట్టింది. స్కాట్లండు డాక్టరు థామస్ లాటా ఎండిపోయిన రోగి నరంలోకి ఉప్పునీరు పంపి, చావు అంచున ఉన్నవాళ్లు కళ్లు తెరవడం చూశాడు. సిడ్నీ రింగర్ అనే ఇంగ్లండు డాక్టరు 1880లలో కప్ప గుండె మీద ప్రయోగాలు చేసి ఏ లవణం ఎంత ఉండాలో కనుక్కున్నాడు. 1971లో బెంగాల్ సరిహద్దు శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే మన డాక్టరు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడాడు. సీసా లేనప్పుడు కడుపు దారి పట్టాలన్న పాఠం ఆ శిబిరానిది. గుర్రానికీ అదే వర్తిస్తోంది.

> చూస్తే తెలుస్తుంది
>
> భుజం మీదో మెడ పక్కనో చర్మం చిటికెతో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే. మడత అలాగే నిలబడితే నీళ్లు తగ్గినట్టు.
>
> పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. చిగురు తడిగా జారాలి. వేలికి అంటుకుంటుంటే ప్రమాదం.
>
> దవడ కింద నాడి చూడండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. పనిలేకుండా నిలబడి కూడా 60 దాటితే ఆగకుండా డాక్టరును పిలవండి.
>
> గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్కలు కూడా ఎగురుతుంటే ఒంట్లో కాల్షియం, ఇతర లవణాలు పడిపోయినట్టు. అది అత్యవసరం.
>
> ఆంధ్రప్రదేశ్‌లో సంచార పశువైద్య వాహనం కోసం టోల్‌ఫ్రీ నంబరు 1962.

మన ఒంట్లోకి వచ్చే గుర్రం

ఉద్దానంలో జీడిపిక్కలు ఏరేవాళ్లకు, కొబ్బరి మట్టలు పోగుచేసేవాళ్లకు పాము భయం రోజూ ఉండేదే. ఎండు మట్టల కుప్ప కింద చెయ్యి పెట్టినప్పుడు, తొలకరి రాత్రి తోట గట్టు మీద నడిచినప్పుడు కాటు పడుతుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా 58 వేల మంది అని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

ఆసుపత్రిలో పాముకాటు మనిషికి ఎక్కించే తెల్లటి పొడి మందు వచ్చేది గుర్రం రక్తంలోంచి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషాన్ని అతి కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తూ, నెలల తరబడి మెల్లగా పెంచుతారు. విషం చాలావరకు తమిళనాడులోని ఇరుళల సహకార సంఘం నుంచి వస్తుంది. గుర్రం ఒంట్లో విషానికి విరుగుడు తయారవుతుంది. అప్పుడు రక్తం తీసి, అందులోని ప్లాస్మాను వేరుచేసి, శుద్ధి చేసి, పొడిగా మార్చి సీసాలకెత్తుతారు. 1890లలో పారిస్ పాశ్చర్ సంస్థకు చెందిన ఆల్బర్ట్ కాల్మెట్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. నూట పాతికేళ్లు దాటినా మూలం మారలేదు. మన తెలుగు నేల మీద హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ, కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లోని విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేస్తాయి. కోవిడ్ కాలంలో ఈ రెండు సంస్థలూ ఇదే గుర్రపు విద్యతో కరోనాకు విరుగుడు సీరం కూడా తయారుచేశాయి. మొదటిదానికి భారత వైద్య పరిశోధన మండలి తోడు నిలిచింది. రెండోదానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, సీసీఎంబీ తోడు నిలిచాయి.

400 కిలోల గుర్రం ఒంట్లో మొత్తం రక్తం 30 లీటర్ల పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం ఒక విడతలో కిలో బరువుకు 13 నుంచి 15 మిల్లీలీటర్ల వరకు తీయవచ్చు. అంటే ఐదారు లీటర్లు. ప్లాస్మా తీసుకున్నాక ఎర్ర కణాలను శుద్ధమైన సెలైన్‌లో కలిపి, ఒంటి వేడికి తెచ్చి, అదే గుర్రం నరంలోకి తిరిగి ఎక్కించాలి. ఈ తిరిగి ఇవ్వడం సక్రమంగా జరిగితేనే గుర్రం రక్తహీనత పాలవకుండా ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉంటుంది. రక్తం తీసే ముందూ తర్వాతా నీళ్లు, ఉప్పు, మంచి మేత అందకపోతే ఆ జంతువు కుంగుతుంది, దాని సీరంలో పస కూడా తగ్గుతుంది. విష లక్షణాలు కనిపించిన మనిషికి మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాల మందు పడుతుంది. అన్ని సీసాల వెనక ఎక్కడో ఒక తొట్టి దగ్గర నీళ్లు తాగిన గుర్రాలున్నాయి.

డబ్బా నీళ్ల మధ్య

ఉద్దానంలో నీళ్ల గురించి మాట్లాడితే కిడ్నీ జబ్బు గురించి మాట్లాడకుండా ఉండలేం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇంటికొకరు అన్నట్టుగా ఆ జబ్బును మోస్తున్నారు. కారణం నీళ్లా, ఎండా, పురుగుమందులా, ఇవన్నీ కలిసా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అనుమానితుల జాబితాలో ఎండకు ఒళ్లు ఎండిపోతూ చేసే కాయకష్టం కూడా ఉంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. అయినా ఈ ప్రాంతంలో ఇప్పటికీ చాలా ఇళ్లల్లో తాగేది 20 లీటర్ల డబ్బా నీళ్లే.

ఆ డబ్బా ఒక ఇంటికి ఒకటి రెండు రోజులు వస్తుంది. ఎండలో పనిచేసే చిన్న గుర్రానికి అది ఒక్క రోజులోనే అయిపోతుంది. తాగే నీళ్లు కొనుక్కుంటున్న ఇంట్లో పశువుకు ఎన్ని నీళ్లు పోయాలన్న మాట కటువుగానే తోస్తుంది. గుర్రానికి డబ్బా నీళ్లు అక్కర్లేదు. శుభ్రంగా ఉన్న బోరు నీళ్లు చాలు, ఉప్పదనం మరీ ఎక్కువ కాకుండా ఉంటే. కానీ ఉండాలి, రోజంతా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస తీరాన్ని తాకి కరెంటు స్తంభాలన్నీ నేలకూలినప్పుడు ఇక్కడ బోర్లన్నీ మూగబోయాయి. ఆ రోజుల్లో పశువుల గోలేల్లో ముందే నింపి పెట్టుకున్న నీళ్లే వాటికి ఆధారమయ్యాయి.

చట్టం కూడా గుర్రం పక్షానే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. శిక్ష మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. అరవై ఏళ్లుగా అదే. 1965 నాటి నిబంధనలైతే ఇంకా స్పష్టంగా ఉన్నాయి. బరువు లాగే, మోసే జంతువులతో రోజుకు 9 గంటలు మించి పని చేయించకూడదు. ఏకబిగిన 5 గంటలు మించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య అసలు పని పెట్టకూడదు. ఈ నిబంధన తెలిసిన గుర్రం యజమానులు ఎందరున్నారో, అమలు చేయించే అధికారులు ఎందరున్నారో ప్రతి మే నెల మన రోడ్లు చెబుతూనే ఉన్నాయి. జరిమానా పెంచడం పార్లమెంటు చేతిలో ఉంది. ఆ మూడు గంటలు గుర్రాన్ని నీడన కట్టేయడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

గుర్రాలను పెంచేవాళ్లకు ఒక మాట. ప్రయాణం పెట్టుకుంటే సొంత బకెట్టు, ఇంటి దగ్గరి నీళ్లు కొన్ని, అర కిలో ఉప్పు వెంట తీసుకెళ్లండి. ఇంటి దగ్గరే నీళ్లలో కాస్త బెల్లం కలిపి ఆ రుచిని ముందు నుంచి అలవాటు చేసి, కొత్త ఊరి నీళ్లలోనూ అలాగే కలిపితే ఎక్కడికి వెళ్లినా తాగుతుంది. నాలుగు గంటలకోసారి బండి ఆపి నీళ్లు చూపించండి. ఎన్ని బకెట్లు తాగిందో గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

పెళ్లిళ్లకు గుర్రాన్ని మాట్లాడుకునేవాళ్లకూ ఒక మనవి. బ్యాండు, లైట్లు, పూలు మాట్లాడుకున్నట్టే గుర్రానికి నీళ్లు కూడా మాట్లాడండి. ఊరేగింపు మొదలయ్యే చోట ఒక బకెట్టు, ముగిసే చోట రెండు బకెట్లు, అందులో ఒకటి ఉప్పు కలిపినది. సాయంత్రం ఎండ దిగాకే బయల్దేరతామని ముందే చెప్పండి. ఇంత చేస్తే అయ్యే ఖర్చు ఒక ఉప్పు పాకెట్టు.